రెండవ జట్టు

బాస్కెట్‌బాల్ ఆటలో బుట్ట నేలనుండి పది అడుగుల ఎత్తున నుండును. జగిత్యాలలోని పాఠశాల మైదానమునందైనను, అమెరికాలోని మహానగరముల క్రీడాభవనములందైనను ఈ ఎత్తు ఒక్కటే. 1891వ సంవత్సరము డిసెంబరు మాసమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు పీచ్ పండ్లు ఉంచెడి రెండు బుట్టలను వ్యాయామశాల లోపలి వసారా కమ్మికి కొట్టించెను. ఆ కమ్మి పది అడుగుల ఎత్తున నుండుటచే బుట్టయు అంత ఎత్తుననే నిలిచెను. ఆనాటి తరగతిలో 18 మంది విద్యార్థులుండిరి. తొమ్మండుగురు చొప్పున ఇరుపక్షములై ఆడిరి. బుట్టకు అడుగు ఉండుటచే బంతి పడినప్పుడెల్ల నిచ్చెన యెక్కి తీయవలసి వచ్చెడిది. నేడు పక్షమునకు అయిదుగురే. నియమములు మారినవి, బంతి మారినది, బుట్ట అడుగు ఊడినది. ఎత్తు మాత్రము మారలేదు.

బుట్ట అంత ఎత్తున నున్నందున, ఈ ఆటకు పిల్లలను ఎంపిక చేయు పెద్దల చూపు మొట్టమొదట పిల్లల నడినెత్తిపై పడును. ఎవరు పొడవు, ఎవరు పొట్టి అను లెక్క తేలిన తరువాతనే బంతి చేతికి వచ్చును. ఇది వట్టి అవివేకమని చెప్పుటకు వీలులేదు. పొడవరికి బుట్ట దగ్గర, పొట్టివానికి దూరము. అయితే పదమూడేండ్ల పిల్లవాని ఎత్తును చూచి వాని ఇరువదియైదవ ఏటి ఆటను చెప్పబూనుటలోనే చిక్కంతయు నున్నది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములు మూడును ఒకనాటి కరీంనగరు జిల్లాలోనివి. 2016వ సంవత్సరము అక్టోబరులో క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మొదటి రెండును జగిత్యాల జిల్లాలోను, మూడవది రాజన్న సిరిసిల్ల జిల్లాలోను చేరినవి. ఇచ్చట కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆటలకున్న పలుకుబడి బాస్కెట్‌బాల్‌కు లేదు. కారణము సులభముగనే తెలియును. కబడ్డీకి గీత గీయుటకు ఇంత సున్నము చాలును. వాలీబాల్‌కు రెండు గుంజలును ఒక వలయు చాలును. బాస్కెట్‌బాల్ గచ్చు నేలను కోరును. 28 మీటర్ల పొడవును, 15 మీటర్ల వెడల్పును గల గచ్చు వేయించి, ఇనుపస్తంభములు పాతించి, పలకలు బిగించుట పాఠశాలకు చిన్న వ్యయము కాదు. మట్టినేలపై బంతి ఒకమారు ఎగురును, ఒకమారు ఎగురదు. అట్టి నేలపై ఆడిన పిల్లవాని కన్నులు ఎప్పుడును బంతిమీదనే యుండును; తలయెత్తి తోటివారు ఎచ్చట నున్నారో చూచుట వానికి అలవడదు. పట్టణమునకు పోటీకి వచ్చినప్పుడు ఆ వంచిన తలను చూచి, వీనికి ఆట తెలియదని తేల్చువారు కలరు. వానికి తెలియనిది ఆట కాదు, గచ్చు.

పాఠశాల క్రీడలలో 14 ఏండ్ల లోపువారు, 17 ఏండ్ల లోపువారు, 19 ఏండ్ల లోపువారు అను విభాగములు కలవు. మండలము, జిల్లా, రాష్ట్రము అనునవి మెట్లు. ఒక్కొక్క మెట్టున ఎంపిక తరచుగా ఒక పూటలో ముగియును. పండ్రెండు పేర్ల పట్టిక వ్రాయబడును. ఆ పూట ఇద్దరు బాలికలు పక్కపక్కన నిలిచియున్నారనుకొన్నచో, ఒకతె జనవరిలో పుట్టినది, ఇంకొకతె అదే సంవత్సరము నవంబరులో పుట్టినది కావచ్చును. కాగితముపై ఇద్దరిదియు ఒకే ఏడు. కాని పదమూడేండ్ల వయస్సున పది మాసములన్న, బ్రదికిన కాలములో దాదాపు పదునారవ వంతు. అంతేకాక, బాలికలు సాధారణముగ పండ్రెండవ ఏటను, బాలురు పదునాల్గవ ఏటను మిక్కిలి వేగముగ ఎదుగుదురు. ఆ ఒక్క ఏడాదిలోనే ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు పెరుగుట కలదు. ఆ ఏడు కొందరికి ముందుగ వచ్చును, కొందరికి తడవుగ వచ్చును. ఎంపికనాడు చేతిలోని టేపు కొలుచునది ఈ తొందరను, ఈ తడవును మాత్రమే. ఆటను అది కొలువదు.

ఇది ఊహ కాదు. కెనడా దేశమున మంచు హాకీ ఆడు యువకుల పుట్టిన నెలలను లెక్కించిన పండితులు 1985లో ఒక చిత్రమును బయటపెట్టిరి. పెద్ద జట్లలో సంవత్సరారంభమున పుట్టినవారు గుంపులుగ నుండిరి. సంవత్సరాంతమున పుట్టినవారు బహు తక్కువ. అచ్చట వయస్సు లెక్క జనవరి మొదటి తేదీతో మొదలగుటయే ఇందులకు కారణము. తల్లులు జనవరిలో నేర్పరులను, డిసెంబరులో చేతగానివారిని కందురని ఎవరును అనజాలరు గదా! పది మాసములు పెద్దదైన పిల్ల కొంత పొడవుగ నుండి జట్టులో చేరును. జట్టులో చేరినందున శిక్షణ దొరకును. శిక్షణచే ఆట పెరుగును. పెరిగిన ఆటను చూచి, ఆనాడే చెప్పితిమి గదా అని పెద్దలు సంతోషింతురు. పట్టికలో పేరు లేని పిల్లకు ఆ శిక్షణయే దొరకియున్నచో ఏమయ్యెడిదో చూచినవారు లేరు. కావున వారి మాట తప్పని నిరూపించుట ఎవరికిని సాధ్యము కాదు.

ఎత్తు ఒక్కటియే భవిష్యత్తును చెప్పగలిగినచో సత్నాంసింగ్ భమరా పేరు నేడు బాస్కెట్‌బాల్ లోకమంతట మ్రోగుచుండవలసినది. ఆయన 1995 డిసెంబరులో పంజాబు రాష్ట్రపు బల్లోకే గ్రామమున రైతు కుటుంబమున జన్మించెను. తండ్రియు ఏడడుగుల పొడవరి. బాలుడు లూధియానాలోని శిక్షణాలయమున ఆట నేర్చి, 2010లో 14 ఏండ్ల ప్రాయమున అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమునకు పోయెను. అప్పటికే ఎత్తు ఏడడుగులకు చేరువ. భాష రాదు, తిండి క్రొత్త, ఊరు సముద్రముల కావల. అట్టి స్థితిలో అయిదేండ్లు నిలిచి శ్రమించుట సామాన్య విషయము కాదు. అమెరికాలోని వృత్తిక్రీడాకారుల పోటీలను ఎన్.బి.ఏ. అందురు. దానిలోని 30 జట్లు ఏటేట యువకులను వరుసగ కోరుకొనును. 2015 జూన్ మాసమున అట్లు కోరుకొనబడిన అరువదిమందిలో సత్నాంసింగ్ 52వ వాడు. భారతదేశమున పుట్టినవారిలో ఈ గౌరవము పొందిన మొదటివాడు ఆయనయే.

అదే 1995లో, ఫిబ్రవరి మాసమున, సెర్బియా దేశపు సోంబోర్ పట్టణమున నికోలా యోకిచ్ పుట్టెను. ఇతడును పొడవరియే, కాని బొద్దు. పరుగు మందము, ఎగురుట తక్కువ. ప్రతిదినము లీటర్ల కొలది తీపి సోడా త్రాగెడివాడనని తరువాత తానే చెప్పుకొనెను. గుఱ్ఱపు పందెములన్నచో అతనికి ప్రాణము. 2014లో డెన్వర్ జట్టు అతనిని 41వ వానిగ కోరుకొనెను. ఆ సమయమున టెలివిజనులో ఒక తినుబండారముల అంగడి ప్రకటన నడచుచుండెను. చూచువారిలో పెక్కురు అతని పేరు పిలుచుటనైనను చూడలేదు. పదునాల్గవ ఏట ఈ ఇద్దరు బాలురను ఏ మైదానమున పక్కపక్కన నిలిపినను, మొదటి పేరు ఎవరిదై యుండునో చెప్పుటకు శాస్త్రజ్ఞుడు అక్కరలేదు.

తరువాత జరిగినది అందరెరిగినదే. యోకిచ్ 2021, 2022, 2024 సంవత్సరములలో ఎన్.బి.ఏ. ఉత్తమ క్రీడాకారుడయ్యెను, 2023లో డెన్వర్ జట్టును మొదటిమారు విజేతగ నిలిపెను. సత్నాంసింగ్ రెండేండ్లు టెక్సాస్‌లోని చిన్న పోటీల జట్టున ఆడెను గాని, ఎన్.బి.ఏ. ఋతువులో ఒక్క పోటీయందైనను దిగలేదు. తరువాత కుస్తీ ప్రదర్శనల రంగమునకు మఱలెను.

పంజాబు బాలుడు సోమరియై చెడెనని ఎవరైనను తలచినచో అది అన్యాయము. ఆయన అమెరికాలో ఆట నేర్చుకొనుచున్న ఆ అయిదేండ్లలోనే ఆట స్వరూపము మారుచు వచ్చినది. పూర్వము బుట్టక్రింద కొండవలె నిలిచి బంతినందుకొను పొడవరికి పెద్దపీట ఉండెడిది. క్రమముగ దూరమునుండి విసరి మూడు పాయింట్లు సంపాదించుట, వేగముగ పరుగిడుట ముఖ్యమయ్యెను. పొడవరియు గీత కావలికి వచ్చి ఆడవలసిన కాలము వచ్చినది. ఒక ఆటకొఱకు పెరిగిన బాలుడు, పెరిగి పెద్దవాడగునప్పటికి మఱియొక ఆట ఎదురయ్యెను. యోకిచ్‌లో నున్నదేమో టేపునకు చిక్కని గుణము. తోటివాడు రెండు క్షణముల తరువాత ఎచ్చట నుండునో ముందుగ ఎరిగి బంతిని అచ్చటికి పంపును. బొద్దుతనము తగ్గినది, సోడా మానినాడు; ఆ చూపు మాత్రము మొదటినుండి ఉన్నదే. సత్నాంసింగ్ వేసిన బాట వ్యర్థము కాలేదనుటకు ఒక్క మాట చాలును: పంజాబుకే చెందిన ప్రిన్స్‌పాల్‌సింగ్ 2021లో ఎన్.బి.ఏ. వేసవి పోటీలను గెలిచిన శాక్రమెంటో జట్టులో సభ్యుడు.

పిల్లలను ఒకేనాడు నిలిపి పోల్చుటలోని ఈ పొరపాటు జగిత్యాల పరిసరముల రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. పట్టణమునకు చేరువలోని పొలాస పరిశోధనాస్థానమున రూపొందిన జగిత్యాల సన్నాలు అను వరి సుమారు 120 దినముల పంట. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబమసూరి సుమారు 150 దినముల పంట. రెండును సన్నబియ్యమే. రెంటిని ఒకేనాడు నారుపోసి తొంబదవ దినమున గట్టుపై నిలిచి చూచినచో, ఒక మడిలో కంకి వెడలుచుండును. ఇంకొక మడిలో పచ్చని పైరు తప్ప మఱేమియు కానరాదు. అంతమాత్రమున రెండవ మడిని దున్నివేయు రైతు లేడు. ఇన్ని దినములకు పండునని అతనికి తెలియును. పిల్లలతో వచ్చిన చిక్కు ఇచ్చటనే. విత్తనపు సంచిమీద దినముల లెక్క వ్రాసియుండును. పిల్లల నొసట వ్రాసియుండదు.

ఎత్తుతో పనిలేని ఆటలలో పోలిక సులభమగునా యన్నచో, అచ్చటను కాదు. చదరంగములో తెలుగు కుటుంబములకు చెందిన ఇద్దరు యువకుల చరిత్ర చూడవచ్చును. వరంగల్లుకు చెందిన ఎరిగైసి అర్జున్ 2003 సెప్టెంబరులో పుట్టి, 15 ఏండ్లు నిండుటకు కొలది దినముల ముందు, 2018లో, గ్రాండ్‌మాస్టరయ్యెను. మద్రాసులో స్థిరపడిన తెలుగువారి బిడ్డ దొమ్మరాజు గుకేశ్ 2006 మే మాసమున పుట్టి, 12 ఏండ్ల 7 నెలల 17 దినములకే, 2019 జనవరిలో, ఆ బిరుదు పొందెను. ఈ లెక్క ప్రకారము రెండేండ్లకు పైగా గుకేశ్ ముందు. 2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరులో డింగ్ లిరెన్‌ను ఓడించి 18వ ఏట జగజ్జేతయైనప్పుడు ఆ లెక్కయే గెలిచినట్లు తోచును. కాని అదే మాసపు ప్రపంచ పట్టికలో అర్జున్ 2801 పాయింట్లతో గుకేశ్‌కంటె పైన నుండెను. ఆనందు తరువాత ఆ పట్టికలో 2800 గీత దాటిన భారతీయుడు అర్జునే. ఇద్దరిలో ఎవరు మిన్న యను ప్రశ్నకు ఒకే మాసమున రెండు జవాబులు వచ్చినవి! ఇద్దరికిని ఇంకను ఆడవలసిన ఏండ్లు ఎన్నియో కలవు.

జగిత్యాలనుండి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగ పడమరగ పోవు మార్గము నిజామాబాదు చేరును. ఆ నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2011లోనే చిన్నవయస్కుల ప్రపంచ పోటీలలో ముష్టియుద్ధమున స్వర్ణపతకము గెలిచెను. తరువాత పెద్దల ప్రపంచ పోటీలలో స్వర్ణము రాలేదు. 2017లో భుజమునకు గాయమై శస్త్రచికిత్స జరిగినది. ఆ దినములలో ఆమెను తోటివారితో పోల్చినవారు ఏమని యుందురో ఊహించుట కష్టము కాదు. 2022 మే మాసమున ఇస్తాంబులులో పెద్దల ప్రపంచ స్వర్ణము వచ్చెను; మరునాటి ఏడు ఢిల్లీలో మఱల వచ్చెను. మొదటి స్వర్ణమునకును రెండవ స్వర్ణమునకును నడుమ పదునొకండేండ్లు. ఆ పదునొకండేండ్లు ఆమె సాధన చేయుటకు ఒక స్థలము, వెంట నిలిచిన ఇల్లు, నేర్పిన గురువులు ఉండుటయే ఈ కథలో ముఖ్యమైన భాగము. పతకముల పట్టికలో అది కనబడదు.

ఈ స్థలము మాటయే మైకేల్ జోర్డాన్ కథలోను కలదు. ఆ కథను సాధారణముగ తప్పుగ చెప్పుదురు. బడి జట్టునుండి అతనిని వెడలగొట్టిరని, పట్టుదలతో అతడు లోకమును జయించెననియు వినవచ్చును. జరిగినది వేరు. 1978లో నార్త్ కరోలినా రాష్ట్రపు విల్మింగ్టన్ పట్టణమున ఒక ఉన్నత పాఠశాలలో పదవ తరగతి బాలుడగు జోర్డాన్ ఎంపికకు వచ్చెను. అప్పుడతని ఎత్తు అయిదడుగుల పది అంగుళములు. అతని తరగతివాడే, మిత్రుడే యగు లీరాయ్ స్మిత్ ఆరడుగుల ఏడంగుళముల పొడవరి. జట్టులో పొడవరుల కొరత యుండెను. కావున ఆ తరగతినుండి స్మిత్‌ను తీసికొనిరి. ఆ బడికి ఆ ఏటికి కావలసినది ఎత్తు. ఎంపికలో తప్పు పట్టుటకేమియు లేదు. జోర్డాన్‌ను ఇంటికి పంపలేదు. ఆ పాఠశాలకు చిన్నవారికొఱకు రెండవ జట్టు ఒకటి యుండెను. అతనిని అందులో వేసిరి. ఏడాదియంతయు అతడు అచ్చట ప్రతి పోటీలోను ఆడెను. మొదటి జట్టున చేరినచో బహుశః బల్లమీద కూర్చుండవలసినవాడు, రెండవ జట్టున బంతి చేతినుండి వదలక ఆడెను. తరువాత ఎత్తును వచ్చినది, ఆరడుగుల ఆరంగుళముల వరకు. 1984లో ఎన్.బి.ఏ. ఎంపికలో మూడవ వాడై, షికాగో జట్టునకు ఆరుమారులు విజయము తెచ్చెను.

లీరాయ్ స్మిత్ సంగతి చాలమంది చెప్పరు. అతడు కళాశాలలో ఆడెను, పిదప విదేశములలో వృత్తి క్రీడాకారుడై కొంతకాలము ఆడెను. అది చెడిన బ్రదుకు కాదు. 2009లో, నైస్మిత్ బుట్టలు కొట్టించిన ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణముననే జోర్డాన్‌ను ఉత్తమ క్రీడాకారుల మందిరమున చేర్చినప్పుడు, అతడు స్మిత్‌ను సభకు పిలిపించి, వేదికపై నుండి అతని పేరు చెప్పెను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలోని పాఠశాల మైదానములలో సాధారణముగ కొఱవడునది ఈ రెండవ జట్టే. పండ్రెండు పేర్లు పట్టికకెక్కిన మరునాడు ఆ పండ్రెండుగురే బంతి పట్టుదురు. మిగిలినవారికి ఆట ముగిసినట్లే. సిరిసిల్లలో అట్టి బాలుడు సాయంకాలము మరమగ్గముల షెడ్డులో తండ్రికి తోడుగ కండెలు అందించును. కోరుట్లలో అట్టి బాలిక తల్లిపక్కన కూర్చుండి తునికాకు కత్తిరించును. ఇంటిపనిలో చేయి వేయుట తప్పు కాదు. కాని ఆ ఇండ్లలో పిల్ల మైదానమునకు పోవు గంట ఉచితముగ వచ్చునది కాదు. ఆ గంటలో కట్టవలసిన కట్టలు కొన్ని తగ్గును. పట్టికలో పేరున్నంతవరకు ఆ నష్టమును ఇల్లు ఓర్చుకొనును. పేరు లేనినాడు తల్లి బడికి వచ్చి మాస్టరును అడుగునది పిల్ల ప్రతిభను గూర్చి కాదు.

"సార్, మా పిల్ల పేరు లిస్టుల రాలేదట. రేపటిసంది గ్రౌండుకు రావాల్నా, వద్దా?"

మాస్టరు ఆ క్షణమున పిల్ల వైపు చూచును. పొట్టిదే. మోకాళ్ళు, మోచేతులు శరీరమునకు మించి పొడవుగ నున్నవి; ఎదుగుదల ఇంకను రాలేదనుటకు అది గుర్తు కావచ్చును, కాకపోవచ్చును. నిన్న ఆటలో తనకు బంతి రాకున్నను మూలకు పరుగెత్తి ఖాళీ స్థలమున నిలిచినది. బంతి పంపినవారు లేరు. అది ఆయన చూచియుండవచ్చును. ఇరువదియైదవ ఏట ఈమె ఏమగునో ఆయనకు తెలియదు. తల్లియు ఆ సంగతి అడుగలేదు.

"రమ్మను అమ్మా" అని చెప్పుటకు ఆయనకు నోరు వచ్చును. ఐనను అట్లు చెప్పుటకు ముందు ఆయన బీరువాలోని బంతులను మనస్సున లెక్కించుకొనవలెను. ఒక్క బంతియే యున్నచో మొదటి జట్టు ఆడునంతసేపు ఆ పిల్ల గచ్చు అంచున కూర్చుండి చెప్పులు కాయును; నాలుగు దినములకు రాక మానును. రెండవ బంతి యున్నచో, అవతలి బుట్టక్రింద పదిమందికి చోటు కలదు.